సైకిల్ కొంటున్నారా? జేబులో ఒక అయస్కాంతం వేసుకోండి

ఉదయం ఆరున్నర. ఫస్టు షిఫ్టు. జగద్గిరిగుట్ట దిగి బాలానగర్ వైపు పోతున్నాను. సైకిల్ కొని నలభై రోజులైంది. ఎడమ కాలి కింద గరగరమని చప్పుడైంది. ఏమిటా అని వంగి చూసేలోపు కాలు గాల్లో ఉంది, పెడల్ రోడ్డు మీద దొర్లుతోంది. వెనక వస్తున్న ఆర్టీసీ బస్సు డ్రైవరు గట్టిగా బ్రేకు వేసి, నాలుగు తిట్టి, పక్కనుంచి తిప్పుకుని పోయాడు. పెడల్ ఏరుకుని చేత్తో బిగించబోతే పట్టదే! మూడు కిలోమీటర్లు సైకిల్ నడిపించుకుంటూ వెళ్లేసరికి ఫ్యాక్టరీ గేటు మూసేశారు. సగం రోజు జీతం పోయింది.

సాయంత్రం మా గుట్ట కింద వేపచెట్టు నీడన కూర్చునే మెకానిక్ కాకా దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పెడల్ వంక చూడనే లేదు. క్రాంకుకున్న రంధ్రంలో చిటికెన వేలు పెట్టి తిప్పి, బయటికి తీసి చూపించాడు. వేలి కొసన వెండిపొడి. లోపల మరలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. “తమ్మీ, ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటది. కుడిది ఇట్ల తిప్పాలె, ఎడమది అట్ల తిప్పాలె. బిగించినోడు ఎరుక లేక జబర్దస్తీగ ఎక్కించిండు. లోపల లోహం మెత్తది, కోసుకపోయింది” అన్నాడు. తర్వాత సైకిల్‌ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూసి, “ఇది సైకిల్ గాదు, సైకిల్ బొమ్మ” అని తేల్చేశాడు.

ఆ బొమ్మను నేను కొన్నది సైకిల్ షాపులో కాదు. బియ్యం, సబ్బులు, బకెట్లు అమ్మే ఒక పెద్ద దుకాణంలో, పండగ ఆఫర్లో, 7,499 రూపాయలకు. 21 గేర్లు, ముందూ వెనకా డిస్కు బ్రేకులు, రెండు షాకబ్జర్లు, లావుపాటి టైర్లు. పక్కనే ఉన్న పాతకాలపు నల్ల సైకిల్ ధర కూడా ఇంచుమించు అంతే ఉంటే, ‘ఇన్ని సదుపాయాలున్నది వదిలేసి అదెవడు కొంటాడు’ అనుకున్నాను. అది ఉన్నన్నాళ్లు దాని మీద పెట్టిన ఖర్చు, పోగొట్టుకున్న పనిగంటలు కలిపితే మంచి సైకిలే వచ్చేది. మీరు రోజూ పనికి తొక్కుకుపోయేందుకు సైకిల్ కొనే ఆలోచనలో ఉంటే, కొనేముందు నా మాట కాస్త వినండి.

మొట్టమొదట ఒక అపోహ వదిలించుకోవాలి. తక్కువ ధర ఉన్నదల్లా చెడ్డ సైకిల్ కాదు. తక్కువ ధరలో ఉంటూ ఎక్కువ ధరదానిలా కనపడాలని చూసేదే చెడ్డ సైకిల్. ఏడున్నర వేలలో పన్ను, రవాణా, దుకాణం లాభం, డబ్బా ఖర్చు అన్నీ పోగా తయారీకి ఎంత మిగులుతుందో మీరే ఊహించండి. ఆ కాస్త డబ్బును ఒక ఫ్రేము, రెండు చక్రాలు, రెండు బ్రేకుల మీద పెడితే మోటుగానైనా గట్టి సైకిల్ తయారవుతుంది. అదే డబ్బును రెండు షాకబ్జర్లు, రెండు డిస్కులు, ముందు మూడు పళ్లచక్రాలు, వెనక ఏడు, రెండు గేరు మీటలకు పంచితే ప్రతిదానికీ చిల్లరే దక్కుతుంది. అన్నీ ఉన్నట్టే ఉంటాయి, ఏదీ పనిచేయదు.

నల్ల సైకిల్ సంగతి చూడండి. పాలవాళ్లు, పేపరు కుర్రాళ్లు, తాపీ మేస్త్రీలు దశాబ్దాలుగా తొక్కుతున్నది అదే. గేర్లు లేవు, షాకబ్జర్లు లేవు. కానీ మడ్‌గార్డులు, స్టాండు, క్యారియర్, చైను కవరు, బెల్లు అన్నీ కొన్న రోజునే ఉంటాయి. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే పడుతుంది కాబట్టి అక్కడ ఎక్కువ పెట్టారు. సిమెంటు బస్తా కట్టుకుని పోయినా ఆ చక్రం వంగదు. దాని టైరు, ట్యూబు, గోలీలు, కాటర్ పిన్ను ఏ మండల కేంద్రంలో అడిగినా దొరుకుతాయి. 1951లో సోనీపత్‌లో మొదలైన అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే, మూతపడింది. అయినా పాత అట్లాస్ ఉన్నవాళ్లెవరూ కంగారుపడలేదు. భాగాల కొలతలన్నీ ఒకటే కావడంతో వేరే కంపెనీ సరుకు వేసి నడుపుకుంటున్నారు. అలాగని నల్ల సైకిల్‌ను నెత్తిన పెట్టుకోమనను. బరువు ఇరవై కిలోల దాకా ఉంటుంది, ఎదురుగాలిలో, ఎత్తు మీద ప్రాణం తీస్తుంది, వానలో దాని బ్రేకులు దేవుడి మీద భారం వేసినట్టే.

ఆ వాన సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ప్రాణానికి సంబంధించింది కాబట్టి.

ఆషాఢంలో ఒక సాయంత్రం పక్కింటి కుర్రాడి సైకిల్ అడిగి తీసుకుని గుట్ట దిగుతున్నాను. తళతళ మెరిసే రిమ్ములు. జల్లు పడుతోంది. రెండు బ్రేకులూ పిడికిలి బిగించి నొక్కినా సైకిల్ ఆగదు, వేగం కూడా పెద్దగా తగ్గదు. చివరికి కాళ్లు నేలకు రాసి, చెప్పు తెగి, ఒక పాన్ డబ్బా గోడకు ఆనుకుని ఆగాను. ఆ మెరుపే అసలు జబ్బు. అది క్రోమియం పూత వేసిన ఇనుప రిమ్ము. తడిస్తే దాని మీద బ్రేకు రబ్బరు నూనె రాసిన గాజు మీద వేలులా జారిపోతుంది. అల్యూమినియం రిమ్ము అయితే తడిసినా రబ్బరుకు పట్టు దొరుకుతుంది. కంటికి రెండూ తెల్లగానే ఉంటాయి, అదే చిక్కు. దీనికి కాకా నేర్పిన ఉపాయం చాలా తేలిక. ఫ్రిజ్‌కు అంటించే చిన్న అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని షాపుకు వెళ్లండి. రిమ్ముకు ఆనించండి. అంటుకుంటే ఇనుము, జారి కిందపడితే అల్యూమినియం. మిమ్మల్ని ఎంతమంది ఎంత పొగిడి అమ్మజూపినా ఈ పరీక్ష అబద్ధం చెప్పదు. హ్యాండిల్‌కు, సీటు గొట్టానికి కూడా ఆనించి చూడండి. అవి ఇనుమైనా కొంప మునగదు గానీ, సైకిల్ బరువెందుకు ఎక్కువుందో తెలుస్తుంది.

ఇప్పటికే ఇనుప రిమ్ముల సైకిల్ ఉన్నవాళ్లు ఏం చేయాలి? వానలో ఆగాల్సిన చోటుకు చాలా ముందు నుంచే బ్రేకులు లైటుగా తగిలిస్తూ రండి. రబ్బరు రిమ్ము మీది నీటిని తుడుస్తుంది, ఆ తర్వాత గట్టిగా నొక్కితే కొంత పట్టుకుంటుంది.

డిస్కు బ్రేకు ఉంటే ఈ బాధే ఉండదు కదా అంటారు. సిద్ధాంతం ప్రకారం నిజమే. మంచి డిస్కు వానలోనూ బురదలోనూ ఆగుతుంది. కానీ ఏడెనిమిది వేల సైకిల్‌కు పెట్టే డిస్కు పేరుకే డిస్కు. తీగతో లాగితే ఒకవైపు ప్యాడు మాత్రమే కదిలి, పలచటి పళ్లేన్ని రెండో ప్యాడు మీదికి వంచుతుంది. సైకిల్ స్టాండులో పక్కవాడి పెడల్ తగిలితే చాలు, ఆ పళ్లెం వంకరపోతుంది. ఇక రోజంతా కీచుకీచుమని మోత. ప్యాడ్లు అరిగితే ఆ సైజువి చెట్టు కింద మెకానిక్ దగ్గర ఉండవు, ఆన్‌లైన్‌లో వెతుక్కోవాలి. ఆ ధరలో డిస్కు కంటే అల్యూమినియం రిమ్ము మీద మామూలు వీ-బ్రేకు వంద రెట్లు నయం. రబ్బర్ల జత వంద రూపాయల లోపే దొరుకుతుంది, మార్చడానికి పది నిమిషాలు చాలు.

షాకబ్జర్ల గురించి రెండు ముక్కలు చాలు. తారు రోడ్డు మీద పనికి పోయేవాడికి అవి అక్కర్లేదు. మీరు పెడల్ మీద వేసిన బలంలో కొంత ఆ స్ప్రింగే తినేస్తుంది. గుంతల బాధ తీరాలంటే కాస్త వెడల్పు టైరు వేసుకుని, గాలి రాయిలా కాకుండా తగుమాత్రం కొట్టించండి. టైరు అంచున ఎంత గాలి పట్టాలో అచ్చేసే ఉంటుంది.

మళ్లీ నా బొమ్మ దగ్గరికి వస్తాను. క్రాంకు మార్పించాను. మరో మూణ్నెల్లకు వెనక ఇరుసు విరిగింది. విరిగిన ముక్క ఇప్పటికీ నా దగ్గర ఉంది, కుడివైపున సుద్దముక్కలా తుంపినట్టు విరిగింది. దీనికి కారణం సైకిల్ కొనేవాళ్లలో నూటికి తొంభై మంది విని ఉండరు, షాపువాళ్లలో సగం మంది చెప్పరు. చవక గేరు సైకిళ్లలో వెనక పళ్లచక్రాల గుత్తిని హబ్బు మీద మరతో బిగిస్తారు. దాన్ని ఫ్రీవీలు అంటారు. ఆ గుత్తి ఎంత లావుంటే, కుడివైపు గోలీలు అంత లోపలికి జరుగుతాయి. అంటే గోలీల నుంచి ఫ్రేము దాకా ఇరుసు ఏ ఆసరా లేకుండా చాలాదూరం బయటికి పొడుచుకుని ఉంటుంది. గుంతలో పడ్డప్పుడల్లా అక్కడే వంగి, చివరికి అక్కడే విరుగుతుంది. క్యాసెట్ రకం హబ్బులో కుడివైపు గోలీలు బయటి అంచు దాకా వస్తాయి, ఇరుసుకు ఆసరా దొరుకుతుంది. మీ బరువు ఎనభై కిలోలు దాటినా, వెనక సరుకు కట్టుకు తిరిగే పనైనా “ఇది ఫ్రీవీలా, క్యాసెట్టా?” అని అడిగి తీరండి. వెనక ఎనిమిది, అంతకంటే ఎక్కువ పళ్లచక్రాలున్నవాటికి సాధారణంగా క్యాసెట్టే ఉంటుంది. వెనక ఏడు ఉన్నవాటిలో, పదిహేను వేలు పెట్టినా సరే, ఎక్కువగా ఫ్రీవీలే వస్తుంది. గేర్లే లేని సైకిల్‌కు ఒక్క పళ్లచక్రమే కాబట్టి ఈ గొడవ దాదాపు లేదు.

అసలు మీకు గేర్లు కావాలా? విజయవాడ బందరు రోడ్డు, గుంటూరు, రాజమండ్రి లాంటి చదునైన దారులైతే గేర్లు లేకుండా ఏడెనిమిది కిలోమీటర్లు హాయిగా పోవచ్చు. హైదరాబాద్, విశాఖ, తిరుపతి ఎత్తుపల్లాలకు గేర్లు ఉంటే మోకాళ్లు మిగులుతాయి. అయినా 21 అక్కర్లేదు, ముందు ఒకటి వెనక ఏడెనిమిది ఉన్నా చాలు. ముందు మూడు పళ్లచక్రాలున్నవాటిలో చైను పడిపోయే బాధే ఎక్కువ.

సరే, షాపులోకి వెళ్లారు. కొన్న రోజున నాకీ సంగతులు తెలిసి ఉంటే ఆ సైకిల్ ఇంటికే తెచ్చేవాణ్ణి కాదు. ముందుగా సైకిల్ ముందు నిలబడి ఫోర్కు చూడండి. హ్యాండిల్ కింద చక్రాన్ని పట్టుకునే ఆ రెండు కాళ్లు కాస్త ముందుకు వంగి గానీ వాలి గానీ ఉండాలి, రిమ్ము బ్రేకు అయితే ముందు బ్రేకు ఫోర్కుకు ముందువైపు కనపడాలి. బకెట్లు, సబ్బులు సర్దే కుర్రాడి చేతే సైకిళ్లూ బిగించే దుకాణాల్లో ఫోర్కును వెనక్కి తిప్పి బిగించినవి నేను కళ్లారా చూశాను, అదీ అద్దాల గదిలో ప్రదర్శనకు పెట్టినవి. అలాంటిది ఒక్కటి కనపడినా ఆ దుకాణంలో ఏదీ కొనకండి. ఫోర్కు తిప్పినవాడు పెడల్ మాత్రం సరిగా బిగిస్తాడా?

తర్వాత వెనక చక్రం లేపి తిప్పండి. రిమ్ముకూ బ్రేకు రబ్బరుకూ మధ్య సందు చూస్తూ ఉండండి. ఆ సందు ఒకచోట మూసుకుని ఒకచోట తెరుచుకుంటే చక్రానికి బెండు ఉన్నట్టు. కొత్తదానికే బెండు ఉంటే పుల్లలు ఎవరూ సరిగా లాగలేదని అర్థం. చక్రాన్ని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. టకటకమంటే ఇరుసు మీద గోలీలను బిగించే కోన్ వదులు. బ్రేకు మీట పూర్తిగా నొక్కితే హ్యాండిల్‌కు తగలకూడదు. సీటు గొట్టం మీద ‘ఇంతకంటే పైకి లేపరాదు’ అని ఒక గీత ఉంటుంది, మీ ఎత్తుకు సీటు లేపినప్పుడు ఆ గీత బయటికొచ్చిందంటే ఫ్రేము మీకు చిన్నది. సీటు ఎంత ఎత్తు ఉండాలో తెలుసుకోవడం తేలికే. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెట్టండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు కాలు నిటారుగా సాగాలి. అప్పుడు మునివేళ్ల వైపుతో తొక్కితే మోకాలు కొంచెం వంగుతుంది, ఆ మాత్రమే కావాలి. మనవాళ్లలో చాలామంది సీటు కిందికి దించి కప్పలా తొక్కి, ఆర్నెల్లకు మోకాళ్ల నొప్పులని సైకిల్‌ను అటకెక్కిస్తారు. అన్ని ఎత్తులవాళ్లకూ ఒకటే సైజు అమ్మే దుకాణం ఈ ఒక్క కారణానికే వద్దు. నడుం దగ్గర బారు పల్లంగా ఉన్న సైకిల్ చీర, లంగా, పంజాబీ డ్రస్సు కట్టుకునేవాళ్లకే కాదు, ఎక్కి దిగడం కష్టమయ్యే వయసు మగవాళ్లకూ మంచిదే. ‘లేడీస్ సైకిల్’ అని సిగ్గుపడకండి.

ఇవన్నీ చూశాక ఒక కిలోమీటరు తొక్కుతానని అడగండి. గేర్లన్నీ ఒక్కొక్కటిగా మార్చి చూడండి. షాపువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. జేబులోంచి డబ్బు తీసేది మీరు. మంచి షాపు ఇంకో మాట కూడా చెబుతుంది: నెల తర్వాత ఒకసారి తీసుకురండి, ఉచితంగా సర్దిస్తామని. కొత్త సైకిల్‌కు మొదటి నూటయాభై కిలోమీటర్లలో తీగలు సాగుతాయి, పుల్లలు సర్దుకుంటాయి. ఆ ఒక్క సర్దుబాటు చేయించుకున్న చక్రం ఏళ్లు నడుస్తుంది. పెద్ద దుకాణంలో అలా తీసుకురమ్మనే మనిషే ఉండడు. నా పెడల్ గురించి వెళ్లి అడిగితే “బిల్లు కౌంటర్లో చెప్పండి” అన్నారు, బిల్లు కౌంటర్ అమ్మాయి “సైకిల్ సెక్షన్లో చెప్పండి” అంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే డబ్బాలో సగం బిగించిన సైకిల్ వస్తుంది. దాన్ని మీరే బిగించుకునే సాహసం చేయకండి, మూడు నాలుగు వందలిచ్చి తెలిసినవాడితో బిగించుకోండి. పెడళ్ల మీద ఎల్, ఆర్ అని గుద్ది ఉంటుంది, ఆయన అది చూసి బిగిస్తున్నాడో లేదో పక్కన నిలబడి గమనించండి.

ఇక డబ్బు లెక్క. నాకు ఇంటి నుంచి ఫ్యాక్టరీకి రానూ పోనూ 12 కిలోమీటర్లు. నెలకు 26 పనిదినాలు, అంటే 312 కిలోమీటర్లు. ఇదే దూరం స్కూటర్ మీద పోతే, లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చినా, దాదాపు ఏడు లీటర్ల పెట్రోలు. లీటరు 107 రూపాయలు అనుకుంటే నెలకు 740 రూపాయల పైచిలుకు. సర్వీసింగు, ఇన్సూరెన్సు వేయకుండానే. అంటే 16 వేల సైకిల్ రెండేళ్లు నిండకముందే తన ధర తాను తెచ్చేసుకుంటుంది. బొమ్మకూ మంచిదానికీ మధ్య తేడా తొమ్మిది వేలనుకుంటే అది ఏడాది పెట్రోలు. పదహారు వేలు ఒక్కసారి తీయడం ఎంత కష్టమో నాకు తెలుసు, నేనూ చీటీ పాడే కొన్నాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర స్టిక్కరున్న సరుకైతే ఆ తగ్గింపు బిల్లులో కనపడుతోందో లేదో చూసుకోండి.

ధరలో తాళం, లైటు, పంపు ఉండవు. షోకు సైకిళ్లలో చాలావాటికి మడ్‌గార్డులు, స్టాండు కూడా విడిగా కొనాలి. వీటికి పదిహేను వందలు ముందే పక్కన పెట్టుకోండి. రాత్రి షిఫ్టువాళ్లకు వెనక ఎర్రలైటు లేకపోతే మిగతా ఏదీ ఉండి లాభం లేదు. పలచటి తీగ తాళం కటింగ్ ప్లయర్‌తో అర నిమిషంలో తెగుతుంది, కాస్త బరువైనా గట్టిది తీసుకోండి. ఫ్యాక్టరీలో, అపార్టుమెంటులో సైకిల్ పెట్టుకునే నీడ, కట్టేసే కమ్మీ చూపించమని మేనేజర్ను అడగండి. కారుకు ఇచ్చే చోటులో పదో వంతు చాలు.

చేతిలో ఎంత ఉంటే ఏం కొనాలి అని అడుగుతారు. ఏడు వేల లోపే ఉంటే నల్ల సైకిల్, లేదా గేర్లు లేని సాదా సైకిల్. ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం కింద ఆడపిల్లలకు ఇచ్చినవి కూడా సాదా రకమే, ముందు బుట్ట ఉన్నవి. తొమ్మిది నుంచి పన్నెండు వేలుంటే అల్యూమినియం రిమ్ములు, వీ-బ్రేకులున్న గేర్లు లేని సైకిల్. పదిహేను నుంచి ఇరవై దాకా పెట్టగలిగితే ఏడెనిమిది గేర్ల హైబ్రిడ్ రకం, షాకబ్జర్లు లేనిది. పనికి వెళ్లేవాడికి అంతకుమించి అక్కర్లేదు. ముప్ఫై వేలు దాటాక పెరిగే ప్రతి వెయ్యికీ దక్కేది తక్కువ. గచ్చిబౌలి వైపు సాఫ్ట్‌వేర్ మిత్రులు కొందరు లక్ష పోసి సన్నటైర్ల రేసు సైకిల్ కొంటున్నారు. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద ఆదివారం పొద్దున అది గాల్లో తేలిపోతుంది, కాదనను. కానీ సోమవారం టిఫిన్ బాక్సు, ల్యాప్‌టాప్ పెట్టుకుందామంటే క్యారియర్ బిగించే రంధ్రాలే చాలావాటికి ఉండవు.

డబ్బు తక్కువ ఉండి మంచిది కావాలనుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది సెకండ్ హ్యాండ్. 2020 లాక్‌డౌన్‌లో మధ్యతరగతి జనం పోటీపడి మంచి సైకిళ్లు కొన్నారు. రోడ్లు తెరుచుకున్నాక వాటిలో చాలా అపార్టుమెంట్ల సెల్లార్లలో దుమ్ము పట్టి ఉన్నాయి. వాచ్‌మన్‌ను అడిగితే ఎవరిది ఏ ఫ్లాటో చెబుతాడు. పద్దెనిమిది వేల సైకిల్ ఆరేడు వేలకు వస్తుంది. టైర్లకు పగుళ్లుంటాయి, తీగలు తుప్పు పట్టి ఉంటాయి, మరో వెయ్యీ పదిహేను వందలు పెట్టి ఓవరాయిలింగ్ చేయించుకోవాలి. ఫ్రేముకు వెల్డింగు దగ్గర గీత కనపడినా, ఫోర్కు వంగినా మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. పెడళ్ల ఇరుసు కింద, సైకిల్ తిరగేస్తే, ఫ్రేము నంబరు గుద్ది ఉంటుంది. బిల్లు లేకపోతే అమ్మేవాళ్ల చేత ఆ నంబరు వేసి ఒక కాగితం రాయించుకోండి. నంబరు రుద్దేసి ఉంటే అది దొంగ సరుకే.

ఈ సలహా అమెరికాలో చదువుకుంటున్న మన పిల్లలకు ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. యూనివర్సిటీకీ, పార్ట్‌టైమ్ పనికీ తిరగడానికి చాలామంది వెళ్లిన వారంలోనే పెద్ద దుకాణంలో దొరికే చవక సైకిల్ తెచ్చుకుంటారు. అక్కడ చెట్టు కింద కాకా ఉండడు. ఒకసారి సర్వీసింగుకు షాపువాడు అడిగేది సగం సైకిల్ ధర. అలాంటి సైకిళ్లు బాగుచేసి బాగుచేసి విసిగిపోయిన అక్కడి మెకానిక్‌లే, 2022 ప్రాంతంలో, పాడవడానికే పుట్టే సైకిళ్లు తయారుచేయడం ఆపండని కంపెనీలకు విజ్ఞప్తి పత్రం పెట్టారు. క్యాంపస్‌లో చదువు ముగించుకుని వెళ్లిపోయే సీనియర్ల దగ్గర మంచి కంపెనీ పాత సైకిల్ కొనుక్కోవడం అక్కడ అన్నివిధాలా మేలు.

చవక సైకిల్ అసలు ఎవరికీ పనికిరాదా అంటే, వస్తుంది. రెండేళ్లలో పొడవు పెరిగిపోయే పిల్లవాడికి, సందు చివరి కిరాణా కొట్టు దాకా పోయి వచ్చే ఇంటాయనకు సరిపోతుంది. అప్పుడు కూడా గేర్లు, షాకులు లేనిదే తీసుకుని, ఇంటికి తెచ్చాక మెకానిక్ చేత అన్ని బోల్టులూ ఒకసారి బిగింపించండి.

నా బొమ్మను ఇరుసు విరిగాక కాకాకే పన్నెండు వందలకు ఇచ్చేశాను. ఆయన రిమ్ములు, సీటు పీక్కుని మిగతాది ఇనప సామాన్లవాడికి వేశాడు. తర్వాత కొన్న 16 వేల సైకిల్‌కు ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది. పోయిన నెల ఐదో చైను వేయించాను, కూలితో కలిపి 450 రూపాయలైంది.